అడిగినవాళ్ళకల్లా అనుమతి

మా పుట్టింట్లో "లేదు", "వద్దు" అనే మాటలు నోట్లోంచి రాకూడదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయనాలి. గుమ్మంలోకి వచ్చిన అమ్మకాలవాణ్ణి పొమ్మనకూడదు, తర్వాత రమ్మనాలి. నేను ఐదో తరగతి దాటలేదు గాని ఈ చదువు మాత్రం ఎముకల్లోకి పోయింది. ఫోన్ కూడా దాంతోనే నడిపాను.

గాజువాకలో మా వీధి ఆడవాళ్ళకి పంచాంగం నేనే. పంతులుగారు ఫోన్ ఎత్తరు. నేను ఫోన్లో పంచాంగం పేజీ తెరిచి వర్జ్యం, రాహుకాలం ఠకీమని చెప్పేదాన్ని. ఒకరోజు ఆ పేజీ, నోటిఫికేషన్లు పంపమంటారా అని అడిగింది. కింద రెండు బొత్తాలు: అనుమతించు, వద్దు. నోరు తెరిచి అడిగినదాన్ని వద్దంటామా? అనుమతించాను. దాని వెనకాల ఇంకో పేజీ, ఇంకో పేజీ. అన్నిటినీ అనుమతించాను. బ్రౌజర్ అప్‌డేట్ చెయ్యమని మరొకటి రోజూ వచ్చేది. దాన్ని "తర్వాత" నొక్కి మర్యాదగా సాగనంపేదాన్ని.

శ్రావణ శుక్రవారం మా ఇంట్లో వ్రతం. పేరంటాళ్ళు పసుపు కాళ్ళతో కూర్చున్నారు. వాయనాలు ఎప్పుడివ్వాలో చూద్దామని ఫోన్ తీశాను. అమ్మవారి ఎదుటే అందులో ఒకావిడ ప్రత్యక్షమైంది. ఒంటి మీదున్న బట్టతో జేబురుమాలు కూడా కుట్టలేం. కింద "మీ ఇంటి దగ్గర్లోనే ఒంటరిగా ఉన్నాను" అని చక్కటి తెలుగులో రాసుంది.

పక్కింటావిడ మెడ సాచింది. "ఏటొదినా, ఈవిడ్ని పేరంటానికి పిలవనేదా? అన్నయ్య సూత్తన్నాడేటి ఇయ్యన్నీ?"

మా ఆయన పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. వరండాలో పేపరు చదువుకుంటున్నారు. అందరూ ఒక్కసారే అటు తిరిగేసరికి, పాపం, లుంగీ సర్దుకున్నారు.

వాళ్ళు వెళ్ళాక లేచారు. "ఏటే, నా పరువు తీసీసినావు! నీకు బొత్తాల ఫోను కొనేత్తాను."

అదే జరిగితే నన్ను వీధిలో అడిగేవాళ్ళెవరు? మర్నాడే పక్కింటావిడ కొత్త స్కూటీ తెచ్చుకోవడానికి ఎదురింటి గోడమీది క్యాలెండర్లో వేళ చూసుకుంది. ఆ క్యాలెండర్ పోయినేడాదిది!

ఆదివారం మధురవాడ నుంచి కోడలు వచ్చింది. కంప్యూటర్ల ఆఫీసులో ఉద్యోగం. ఫోన్ చూసి సోఫాలో పడి నవ్వింది.

"అత్తా, పాత బ్రౌజర్లో కన్నాలుంటాయి. అప్‌డేటంటే అయి పూడ్సడానికొచ్చిన మేస్త్రీ. నువ్వు దొంగల్ని లోపలికి రమ్మని, మేస్త్రీని తర్వాత రమ్మన్నావు!"

"అయితే వాటిని తీసీమ్మా."

"నాను తియ్యను. ఆ పేజీలకిచ్చిన అనుమతులన్నీ ఒక్కోటీ నువ్వే నొక్కి తీసీ."

మొదటిదానికి చెమట పట్టింది. నాలుగోదానికి కాస్త సరదా పుట్టింది. తర్వాత కోడలు బ్రౌజర్ అప్‌డేట్ చేయించింది. మా ఆయన మాత్రం మెత్తబడలేదు. "ఇంకోపాలి అలాటిది కనబడిందో, బొత్తాల ఫోనే."

ఆ సాయంత్రం పక్కింటావిడ గుమ్మం దగ్గరే ఆగింది. "వదినా, స్కూటీ తెచ్చిన గంటకే పంచరైపోనాది. గుడికి పూజకెప్పుడు తీసుకెల్లాలో నువ్వే సెప్పు. ఆవిడ రాదు కదా?"

పేజీ తెరిచాను. మళ్ళీ అడిగింది. మా ఆయన నా భుజం మీదనుంచి చూస్తున్నారు. గట్టిగా ఊపిరి పీల్చి "వద్దు" నొక్కాను. ఎవరూ రాలేదు. తిథి, వారం, నక్షత్రం బుద్ధిగా కనిపించాయి.

"ఆరింటిదాకా వర్జ్యం. ఎల్లకు."

ఆవిడ చెప్పులు విప్పి లోపలికొచ్చి కుర్చీ లాక్కుంది. "అయితే కాఫీ పెట్టొదినా. అంతవరకూ ఇక్కడే కూసుంటాను."