బాపు చూసిన రెండో చందమామ

ఇయ్యాల అవ్వను తోల్కొని హైదరాబాద్‌ల కంటి దవఖానకు పోయిన. చిన్నప్పటి సంది ముక్కు మీద కూసున్న అద్దాలను లేజర్‌తోని వదిలించుకోవాల్నని నా ఆశ. ముందుగాల కొత్తగ వచ్చిన కంప్యూటర్ మిషిన్‌కు గదుమ ఆనిచ్చి, నల్లగుడ్డు మీది పొరను పరీక్ష చేసిండ్రు. డాక్టరు తెర మీద ఎర్రటి మచ్చ చూపెట్టిండు.

"ఇక్కడ పొర పలచబడి ముందుకు ఉబ్బుతోందమ్మా. జబ్బు ఇప్పుడిప్పుడే మొదలైంది. లేజర్ చేస్తే ఇంకా పాడవుతుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉండేదా?"

నేను లేదనబోయిన. పక్కపొంటి అవ్వ అన్నది: "మా ఇంటాయనకు, వీళ్ల బాపుకు, రెండు చందమామలు కనిపించేటియి సారు. పరాష్కమాడుతుండనుకొని అందరం నవ్వెటోళ్లం."

డాక్టరు నవ్వలే. "ఆయనకూ ఇదే ఉండి ఉంటుంది. ఇది ముదిరితే ఒకటి రెండుగా కనిపిస్తుంది" అన్నడు.

బాపు బతికుంటే, "నేను చెప్పలేదా?" అనుకుంట వాడకట్టంత తిరిగేటోడు.

మా ఊరు శ్రీరాంపూర్‌కు వాపసొస్తుంటే, రైలు పెద్దపల్లి దాటినంక కిటికీల చందమామ కనిపించింది. అద్దాలు తీసి చూసిన. మసకమసకగ ఒక్కటే ఉన్నది. ఇంకా ముదరలేదని సంబురపడాలె, గని మనసొప్పలే. మీకెవరికన్న రెండు కనిపిస్తే జర చెప్పుండ్రి. మా బాపు చూసిన రెండోదాన్ని నేనింకా ఎతుకుతున్న.