జెండా తాడూ, సూరమ్మ జుట్టుముడీ

అది 2023, జూన్ ఆఖరు. అనకాపల్లిలో బెల్లం కొట్ల వీధిని ఆనుకుని, మేడ మీద నా ఫిజియోథెరపీ క్లినిక్. నన్ను నొప్పుల డాక్టరంటారు. నొప్పులు తగ్గిస్తానని కాదు, పెడతానని. భుజం నొప్పని వచ్చేవాళ్ళకి నా మెట్లెక్కేసరికి మోకాళ్ళు కూడా పట్టేస్తాయి కాబట్టి పనికి లోటు లేదు.

ఆ రోజు మునగపాక దగ్గర పల్లె నుంచి అప్పారావు అనే చెరకు రైతు తన భార్య సూరమ్మను బండి మీద తీసుకొచ్చాడు. ఆమెకు నలభై ఆరేళ్ళు, షుగరు ఉంది. కుడి భుజం బిగుసుకుపోయి నాలుగు నెలలైంది. దీన్ని ఫ్రోజెన్ షోల్డర్ అంటాం. కీలు చుట్టూ ఉండే పొర గట్టిపడి, చెయ్యి పైకీ పోదు, వెనక్కీ పోదు.

మా కేస్ షీట్‌లో ‘గోల్’ అని ఒక గడి ఉంటుంది. వైద్యం అయ్యేసరికి పేషెంటు ఏం చెయ్యగలగాలో మొదటి రోజే అందులో రాసుకోవాలి. నేను సూరమ్మ వైపు చూసి అడిగాను. జవాబు అప్పారావు చెప్పాడు.

“మా ఇంటిది బళ్ళో పేరెంట్స్ కమిటీ చైర్మనండి. ఆగస్టు పదైదుకి జెండా ఎగరెయ్యాల. ఈలోగా సెయ్యి లేవాల బాబూ. మా బావమరిది ఈడియో కూడా తీత్తానన్నాడు.”

సూరమ్మ కొంగు సర్దుకుంది. నేను ‘జెండా’ అని రాసేశాను. రాయడమే కాదు, మురిసిపోయాను. ఎందుకంటే ఈ జబ్బుకు మేము చేయించే ముఖ్యమైన వ్యాయామం పుల్లీ. పైన కప్పుకు ఒక కప్పీ, దానికో తాడు. మంచి చేత్తో ఒక కొస కిందికి లాగితే, రెండో కొస పట్టుకున్న బిగిసిన చెయ్యి పైకి లేస్తుంది. తాడుకి తువ్వాలొకటి కట్టి మరీ లాగించాను. వైద్యంలో దేశభక్తి కలిపిన మొదటివాణ్ణి నేనే అనుకున్నాను.

నెల తిరిగేసరికి చెయ్యి ముందునుంచి తల ఎత్తుదాకా లేచింది. గోనియోమీటరుతో, అంటే కీలు ఎంత తిరుగుతోందో చూసే కొలబద్దతో, కొలిచి, “ఇంకేం, జెండా ఎగిరినట్టే. మరో వారం వస్తే చాలు” అన్నాను. అప్పారావు సంబరంగా బండి తియ్యడానికి కిందికి దిగాడు. సూరమ్మ బల్ల మీంచి లేవలేదు.

“మరి నా జుట్టో బాబూ?”

“జుట్టుకేమైంది?”

“జెండాకేటి, ఎడం సేత్తో లాగినా ఎగురుద్ది. జుట్టు ముడెయ్యాలంటే రొండు సేతులూ ఎనక్కెల్లాల గదా! ఐదు నెల్లై మా అత్తే దువ్వుతంది. పొద్దున్నే ఆవిడ టీ తాగాల, టీవీలో బక్తి పాటలవ్వాల, అప్పుడు పిలుత్తాది. అందాకా జుట్టిరబోసుకుని గడప దాటనేను. కూకున్నానా, జుట్టుతోపాటు బుర్ర కూడా దువ్వేత్తాది. పప్పులో ఉప్పు కాణ్ణుంచి మా పుట్టింటోల్ల దాకా! తల ఆవిడ సేతిలో ఉంటే ఎదురెలా సెప్తాను?”

నవ్వబోయి ఆగాను. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి.

“మొదటి రోజే చెప్పొచ్చు కదమ్మా?”

“మీరు సూసింది నా ఏపు. ఇన్నది ఆయన మాట.”

నిజమే. అక్కడికక్కడే గడిలో ‘జెండా’ కొట్టేసి ‘జుట్టుముడి’ అని రాశాను. ముందుకి లేచే చెయ్యి మెడ వెనక్కి పోవాలంటే కీలు మరో దిక్కుకి తిరగాలి. ఆ తిప్పడంలో నొప్పి ఎక్కువ. వెల్లకిలా పడుకోబెట్టి, చేతులు తల కింద పెట్టించి, మోచేతులు బల్లకి ఆనేలా రోజూ కొంచెం కొంచెం నొక్కాను. “మీకంటే మా అత్తే నయం బాబూ” అనేది పళ్ళు బిగబట్టి. మర్నాడు మళ్ళీ వచ్చేది. వేళ్ళు చెవిదాకా వచ్చాయి, తర్వాత మెడదాకా. పద్నాలుగో తారీఖున రెండు చేతులూ వెనక కలిశాయి గానీ, ముడి తిప్పేలోగా జారిపోయాయి. ఆమె పిన్నులు ఏరుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు వాళ్ళు పిలిస్తే ఆ ఊరి బడికి వెళ్ళాను. ఎనిమిదిన్నరకి జెండా అన్నారు. తొమ్మిదైనా చైర్మన్ లేదు. పిల్లలు వరసల్లో నిలబడి చాక్లెట్ల డబ్బా వైపే చూస్తున్నారు. చివరికి సూరమ్మ గేటు దగ్గర కనిపించింది. వెనకాలే, చేతిలో దువ్వెనతో, అత్తగారు.

“ఏటే, ఊరంతా నిలబడిపోనాది! ఏటి సేత్తన్నావు ఇప్పుడుదాకా?” అని అప్పారావు కసిరాడు.

సూరమ్మ నేరుగా వచ్చి కుడిచేత్తో తాడు లాగింది. జెండా ఎగిరింది, పూలు రాలాయి. పాట అయ్యాక హెడ్మాస్టరు రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు. ఆమె మైకు కోసం పక్కకి తిరిగినప్పుడు చూశాను. ముడి ఎడమ చెవి మీదికి ఒరిగిపోయి, రెండు పిన్నులు ఇప్పుడో ఇంకాసేపటికో అన్నట్టున్నాయి.

“లేటెందుకయిందంతన్నారు. ఈయేల నా జుట్టు నేనే ముడేసుకున్నానండి. అరగంట పట్టింది. అందుకే లేటు.”

మగవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఆడవాళ్ళ వైపునుంచి చప్పట్లు మొదలయ్యాయి.

“వంకరగుందే. ఇలాగొచ్చి కూకో, సరిసేత్తాను” అంది అత్తగారు.

“ఉండనీ అత్తా. నాకిలాగే బాగుంది.”

అత్తగారు దువ్వెన బొడ్లో దోపుకుని, తనూ చప్పట్లు కొట్టింది.

ఆ రోజు తిరిగొస్తూ ఆలోచించాను. పొద్దున్న నేను తల ఎప్పుడు దువ్వుకున్నానో నాకే గుర్తు లేదు. దువ్వడానికి మిగిలింది కొంచెమే అనుకోండి, అయినా ఎవరి పిలుపు కోసమూ ఆగలేదు. అలా గుర్తుండకపోవడం ఎంత పెద్ద స్వాతంత్ర్యమో అన్నాళ్ళూ నాకు తట్టలేదు.

ఇప్పుడు మొదటి రోజున పేషెంటు వెంట వచ్చినవాళ్ళని కాసేపు బయట కూర్చోమంటున్నాను. మొన్న పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయనను కొడుకు తీసుకొచ్చి, “మా నాన్న మళ్ళీ నడవాలండి” అని చెప్పి బయటికి వెళ్ళాడు. పెద్దాయన తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, “నా పంచె నేను కట్టుకోవాల బాబూ” అన్నాడు.

మర్నాడు వచ్చేటప్పుడు ఒక పంచె తెచ్చుకోమన్నాను.