బుగ్గల పర్శరాములు, టీవీ తుపాకి

ముందుగా నా తప్పు ఒప్పుకుంటాను. టీవీ గేము తుపాకిలోంచి కంటికి కనపడని కిరణం ఒకటి బయలుదేరి, పోయి పోయి టీవీలోని బాతుకు తగులుతుందని నాకు బాబాయి వరసయ్యే పర్శరాములు కాకకు చెప్పింది నేనే. అడక్కముందే చెప్పాను. రెండు రేడియోలు విప్పి, అందులో ఒకదాన్ని మళ్ళీ బిగించగలిగిన చదువు నాది. అసలు సంగతి దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుందని తెలిసేసరికి, కొమురవెల్లి జాతరలో ఆయన జాగ ఆయనది కాకుండా పోయింది. నా గురించి ఇంత చాలు. మిగతాది ఆయన కథ.

సిద్దిపేటలో పర్శరాములు అనే పేరుగలవాళ్ళు వీధికొకరు దొరుకుతారు. బుగ్గల పర్శరాములు మాత్రం ఒక్కడే. పెద్ద చెక్కకు నల్లగుడ్డ బిగించి, దాని నిండా రంగురంగుల బుగ్గలు, అంటే గాలి బెలూన్లు, కట్టి, గాలి తుపాకితో జనం చేత పేల్పించడం ఆయన పని. అంతకుముందు వాళ్ళ నాయన పని. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ప్రతి ఆదివారం కొమురవెల్లిలో, మిగతా కాలం ఎక్కడ జాతరైతే అక్కడ. చెక్కలు బస్సు టాపు మీద, తుపాకులు ఒళ్ళో. బుగ్గలు ఊదేది భార్య బాలలక్ష్మి. ఎప్పుడూ చెంపలు ఉబ్బించుకునే ఉండేది కాబట్టి, చిన్నమ్మ కోపంగా ఉందో పనిలో ఉందో దగ్గరికి పోతేగాని తెలిసేది కాదు.

తుపాకులు రెండు. రెండూ అబద్ధాలకోరులే. గొట్టం కొసన గురి చూసుకోవడానికి చిన్న బుడిపె ఉంటుంది కదా, దాన్ని పర్శరాములు సుత్తితో సున్నితంగా ఒక్క తట్టు తట్టి పక్కకు జరిపేవాడు. ఒక తుపాకి ఎడమకు పోతుంది, రెండోది కుడికి పోతుంది. బుగ్గల దుకాణం నడిచేదే దాని మీద. గురి బాగా చూసినవాడు తప్పకుండా తప్పేవాడు. కల్లు తాగి ఊగుతూ కొట్టినవాడికి అప్పుడప్పుడు పేలేది. అందుకే బహుమతులుగా పెట్టిన దువ్వెనలూ అద్దాలూ ఏటేటా అవే. అందులో ఒక పౌడరు డబ్బా ఉండేది, వయసులో నాకన్నా పెద్దది.

"తుపాకే కరాబున్నదే," అని ఎవడైనా గొణిగితే పర్శరాములు వాదించేవాడు కాదు. అదే తుపాకి అందుకుని, చెక్కకు వీపు తిప్పి నిలబడి, గొట్టం భుజం మీద పెట్టి, ఎడమచేతిలో అద్దం పట్టుకుని అందులో చూస్తూ ఒక వరస మొత్తం పేల్చేవాడు. ఏ తుపాకి ఎంత తప్పుతుందో ఆ కుడిచేతికి తెలుసు. జనం చప్పట్లు కొట్టి, "నాకియ్యి, నాకియ్యి" అంటూ మీద పడేవాళ్ళు.

ఆ కుడిచెయ్యే వణకడం మొదలుపెట్టింది.

మొదట చాయ్ సాసరు గలగలమంది. తర్వాత చొక్కా గుండీలు మొండికేశాయి. ఆయన ఎవరికీ చెప్పలేదు. నలుగురిలో ఉంటే చెయ్యి తువ్వాల కింద పెట్టుకునేవాడు, లేకపోతే చంకలో. బాలలక్ష్మి చూసింది గాని చూసినట్టు ఉండేది కాదు. చివరికి ఆమె పోరు పడలేక దవాఖానకు పోయాడు. డాక్టరు వేలితో ముక్కు ముట్టుకోమన్నాడు. వేలు పోయి చెంపకు తగిలింది.

"మా తుపాకి లెక్కనే ఎడమకు వొయ్యింది సారూ," అన్నాడు పర్శరాములు. డాక్టరు నవ్వలేదు. ఇది తగ్గే రోగం కాదని, పెరగకుండా మాత్రం చూద్దామని అన్నాడు.

"జాతరకు తగ్గుతదా?"

"ఏ జాతరకు?"

పర్శరాములు మందుల చీటీ జేబులో పెట్టుకుని వచ్చేశాడు. ఇవన్నీ చిన్నమ్మ నాకు చెప్పినవే, గాని చాలా తర్వాత చెప్పింది.

ఆ ఏడు కొమురవెల్లిలో మొదటి ఆదివారం. ఎప్పటిలా వీపు తిప్పి, అద్దంలో చూసి కొట్టాడు. గుండు ఎక్కడికి పోయిందో తెలియదు. మళ్ళీ కొట్టాడు. చెక్క అంచు చిట్లింది. నుదుటి నిండా బండారి పసుపు పూసుకున్న ముసలాయన ఒకడు, "అద్దం తుడుసుకో పర్శరాములూ, మొన్నటి మొకమే కనవడ్తున్నదేమో," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ అక్కడే ఉన్నాను, నవ్వాను. జనాన్ని ఊరించడానికి కావాలని తప్పుతున్నాడనుకుని, "అదరగొట్టినవు కాకా" అంటూ ఈల కూడా వేశాను. ఆయన చెయ్యి తువ్వాల కిందికి లాక్కుని, "ఇయ్యాల గాలి బాగున్నది," అన్నాడు. తువ్వాల అంచు కూడా కదలనంత గాలి. జనం రంగులరాట్నం దిక్కు పోయారు.

జాతరలో దుకాణాల జాగలన్నీ వేలంలో పట్టుకుని అద్దెకిచ్చే రాజమల్లయ్య సాయంత్రం వచ్చి నిలబడ్డాడు. పక్కన చెరుకు రసం అమ్మే వీరయ్య ఇంకొంచెం జాగ కావాలని చాలా రోజులుగా ఆయన వెంటపడుతున్నాడు.

"పర్శరాములూ, నీ ముంగట మనుషులు నిలవడ్తలేరు," అన్నాడు రాజమల్లయ్య. "మీ నాయిన కాలం సంది ఉన్నవని ఊకున్న. వచ్చే ఐతారం సూస్త. జనం నిలవడితె జాగ నీది. లేకుంటె వీరయ్యకిస్త."

"నిలవడ్తరన్నా."

"ఎట్ల? నీ గుండ్లు ఎగిరే పచ్చులకు తలుగుతున్నయి, బుగ్గలకు తలుగుతలేవు."

"వచ్చే ఐతారం సూడున్రి, మీరే అంటరు."

ఏం చూపిస్తాడో ఆయనకే తెలియదు. ఆ జాగ తప్ప ఆయనను ఫలానా అని గుర్తుపట్టే చోటు ఇంకొకటి లేదని మాత్రం తెలుసు.

అప్పటికి సిద్దిపేట బస్టాండు వెనక కాశీనాథం అనే ఆయన ఒక చీకటి గదిలో టీవీలు పెట్టి, గంట లెక్కన గేములాడిస్తున్నాడు. నా చదువు అక్కడే సాగుతోంది. దిగులుగా ఉన్న కాకను సరదాకు అక్కడికి లాక్కుపోయాను. టీవీలో గడ్డిలోంచి బాతులు లేస్తున్నాయి. వైరు తోకలా వేలాడే ప్లాస్టిక్ తుపాకి ఒకటి ఆయన చేతికిచ్చాను.

"దీంట్ల గుండెక్కడ వెడ్తర్రా?"

"గుండుండది కాకా. కిరణం. టార్చిలైటు లెక్క గొట్టంలకెల్లి సక్కగ వోతది. మనకు కనవడది."

పర్శరాములు తువ్వాల కిందనుంచి చెయ్యి తీశాడు. చీకట్లో ఎవరూ చూడరు. తుపాకి మూతి బాతు చుట్టూ ఈగలా తిరుగుతోంది. అది నిలబడుతుందేమోనని కాసేపు చూసి, నిలబడేది కాదని తెలిసి, నొక్కేశాడు. బాతు పడింది.

ఆయన చేతిని చూసుకున్నాడు. టీవీని చూశాడు. మళ్ళీ నొక్కాడు. ఇంకో బాతు పడింది. చెయ్యి వణుకుతూనే ఉంది, బాతులు పడుతూనే ఉన్నాయి. డాక్టరుకు తెలిసిన సంగతి ఈ తుపాకికి ఇంకా తెలియలేదు. టైమైపోయిందని కాశీనాథం అరిచేదాకా పర్శరాములు దాన్ని కింద పెట్టలేదు.

ఆదివారం ఒక్కరోజుకు ఆ టీవీ, ఆ తుపాకి జాతరకు కావాలన్నాడు. దుమ్ము పడుతుందని కాశీనాథం గింజుకున్నాడు. పర్శరాములు తన రెండు తుపాకులు తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాడు. "ఇవి నీ కాడ ఉండనీ. నీది తెచ్చిచ్చి నావి తీస్కపోత."

"అవి గూడ ఇచ్చేస్తె ఇగ నీ చేతుల ఏముంటదయ్యా?" అంది బాలలక్ష్మి.

"ఏం లేకుంటెనే మంచిగుంటది," అన్నాడు.

కాశీనాథం తుపాకిని శనివారమే ఇచ్చాడు. టీవీ మర్నాడు పొద్దున గాని ఇవ్వనన్నాడు. ఇంటికొచ్చాక పర్శరాములుకు కొత్త దిగులు పట్టుకుంది. గేముల గదిలో అందరికీ బాతులు పడటం ఆయన చూశాడు. మూతి టీవీ వైపు ఉంటే చాలు, అది కొట్టినట్టే లెక్క వేసుకుంటోంది. అందరికీ పడితే దువ్వెనలన్నీ పోతాయి. అది పెద్ద బాధ కాదు. అందరికీ పడితే తనను చూడటానికి ఎవడు నిలబడతాడు? తుపాకికి అబద్ధం నేర్పకుండా జాతరలో పెట్టడం ఆ ఇంట్లో ఎప్పుడూ జరగలేదు. కానీ దీనికి తట్టడానికి బుడిపె లేదు.

"కిరణం ఈ కొసకెల్లే వస్తదన్నవు గదా?"

"గాడికెల్లే కాకా."

మోంబత్తి వెలిగించి, అగ్గిపుల్లతో మైనం తీసి, మూతి లోపల ఎడమ దిక్కు పూయబోయాడు. పుల్ల ఎడమ దిక్కున ఆగలేదు. అంతటా పడింది. కొంత గోటితో తీశాడు, కొంత తీసినట్టు అనుకున్నాడు. "ఇగ ఎడమకు అడ్డమున్నది. కిరణం కుడికి జారుతది. గిది మనకే ఎరుక," అన్నాడు.

"నీ తెలివికి దండం కాకా," అన్నాను.

సుత్తితో తట్టిన తుపాకిని ముందు తనే కొట్టి, ఎంత తప్పుతుందో చూసుకోకుండా ఆయన ఎన్నడూ బయట పెట్టలేదు. ఈసారి కొట్టి చూసుకోవడానికి ఇంట్లో టీవీ లేదు.

ఆదివారం జాతరలో కరెంటు తీగ గుంజి టీవీ వెలిగించేసరికే పొద్దు వాలింది, అప్పటికే ఆయన దుకాణం ముందు ఎప్పుడూ లేనంత మంది. జాతరలో టీవీ గేము అంతకుముందు ఎవరూ చూడలేదు. రాజమల్లయ్య కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. పర్శరాములు తువ్వాల తీసి బాలలక్ష్మి చేతికిచ్చాడు. ఆమె దాన్ని గుండెలకు పట్టుకుంది. ఆయన తుపాకి ఎత్తి, కుడికి జారే కిరణానికి సరిపడా కొంచెం ఎడమకు పట్టి, నొక్కాడు.

బాతు ఎగిరిపోయింది.

ఇంకొంచెం ఎడమకు పట్టాడు. పోయింది. సూటిగా బాతు మీదే పట్టాడు. అదీ పోయింది. దగ్గరికి జరిగి జరిగి మూతిని టీవీ అద్దానికి ఆనించి నొక్కాడు. బాతు మూతి పక్కనుంచే లేచి వెళ్ళిపోయింది.

"సూసి కొట్టు కాకా!" అన్నాడొకడు. నవ్వులు. పర్శరాములు తుపాకి దించేశాడు. దించేటప్పుడు చెయ్యి అదిరి వేలు మీట మీద పడింది. అప్పుడు మూతి వీరయ్య చెరుకు రసం బండి వైపు ఉంది. బండి చుట్టూ ఎర్రవీ పచ్చవీ సీరియల్ బల్బులు మిణుకుమిణుకుమంటున్నాయి.

టీవీలో బాతు పడింది.

తలలన్నీ బండి వైపు, మళ్ళీ టీవీ వైపు తిరిగాయి. తర్వాత ఎవడో, "అగో, చెరుకు రసానికి బాతు సచ్చిందిరో!" అన్నాడు. ఇక ఆగలేదు. ఒకడు తుపాకి గుంజుకుని వీరయ్య బల్బులకు పట్టాడు. బాతు పడింది. ఇంకొకడు. పడింది. జనం వరస కట్టారు. బల్బులు దగ్గరగా ఉంటాయని వీరయ్య బండి చుట్టూ చేరి, అక్కడినుంచి కొడుతూ మెడలు వెనక్కి తిప్పి టీవీ చూస్తున్నారు.

"నా బండి మీదికి తుపాకేంది?" అని మొదట లేచిన వీరయ్య, వెంటనే తెలివి తెచ్చుకున్నాడు. "రస్తాకు అడ్డముండకున్రి! గిలాస వట్టుకోని కొట్టున్రి!"

"పర్శరాములూ, నువ్వు కొట్టు," అన్నాడు పోయిన వారం అద్దం తుడుచుకోమన్న ముసలాయనే. ఈసారి ప్రేమగానే అన్నాడు. "ఎనుకకు తిరిగి కొట్టెటోనివి గద."

పర్శరాములు టీవీకి వీపు తిప్పి నిలబడ్డాడు. ఎన్నో ఏళ్ళుగా నిలబడ్డట్టే. అద్దం అక్కర్లేదు. చెయ్యి దాని ఇష్టమొచ్చినట్టు ఊగుతోంది, ఆయన ఆపలేదు. బల్బుల వైపు పెట్టి నొక్కాడు. వెనక బాతు పడింది. చప్పట్లు మోగాయి.

అవి ఆయనకు బాగా తెలిసిన చప్పట్లు. ఇన్నాళ్ళూ విన్నవే. ఏమీ తక్కువ కాలేదు. తర్వాత తండ్రి భుజాల మీదున్న ఒక పసిపిల్ల చేతికి తుపాకి ఇచ్చారు. అది నోట్లో పెట్టుకోబోతూ నొక్కింది. బాతు పడింది. దానికీ అవే చప్పట్లు.

పర్శరాములు దువ్వెనలూ అద్దాలూ ఎవరు అడిగితే వాళ్ళకు ఇచ్చేశాడు. నాకన్నా పెద్దదైన పౌడరు డబ్బా కూడా ఆ రోజే పోయింది.

"జనమైతె నిలవడ్డరు పర్శరాములూ. మాట నిలవెట్టుకున్నవు," అన్నాడు రాజమల్లయ్య దగ్గరికొచ్చి. అని, ఆయన భుజం పట్టుకుని మెల్లగా వీరయ్య బండి వైపు తిప్పాడు. "గని, వాళ్లు ఎవని ముంగట నిలవడ్డరో నువ్వే సూడు."

జాగ వీరయ్యకు పోయింది. మైనం తీద్దామని బాలలక్ష్మి తల పిన్నుతో గీకితే తుపాకి మూతిలోని అద్దానికి గీతలు పడ్డాయి. కాశీనాథం దాన్ని నా ముందు పడేసి, గాలి తుపాకులు రెండూ తన దగ్గరే ఉంచుకున్నాడు. ఇప్పుడవి గేముల గది గోడకు అందానికి వేలాడుతున్నాయి, బుడిపెలు అలాగే పక్కకు జరిగి ఉండగా. బాలలక్ష్మి బస్టాండు దగ్గర కర్రకు బుగ్గలు కట్టి అమ్ముతోంది. ఊదేదీ ఆమే, ముడేసేదీ ఆమే. ఆయన దారం ఉండ ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుంటాడు.

పాడైన తుపాకిని విప్పి చూశాక నాకు అసలు సంగతి తెలిసింది. తెలిసినదాన్ని కడుపులో దాచుకునే అలవాటు లేదు కాబట్టి బస్టాండుకు పోయి ఆయన పక్కన కూర్చున్నాను.

"కాకా, నేను తప్పు జెప్పిన. గా తుపాకిలకెల్లి ఏ కిరణం రాదు. దాని మూతిల ఒక కన్నున్నది. మనం నొక్కంగనే టీవీల బాతున్న కాడ తెల్లగ మెరుస్తది. గా వెలుగు కన్నుకు వడితె బాతు సచ్చినట్టు. మనం మైనం వెట్టి కన్ను మూసినం. టీవీ వెలుగు దానికి ఆనలే. బల్బులు మస్తు వెలుగుండె, గవే ఆనినయి. ఏది బాతో ఏది బల్బో దానికేం ఎరుక?"

పర్శరాములు అంతా విన్నాడు. చిన్నమ్మ చాయ్ తెచ్చి ఇచ్చింది. ఆయన తువ్వాల ఆ రోజు మెడలోనే ఉంది. గ్లాసు పెదవుల దాకా పోకముందే సగం చాయ్ నా మోకాలి మీద పడింది.

"అయ్యో, అదేంది కాకా, చెయ్యి గట్ల వణుకుతున్నది? ఎప్పటిసంది?"

ఆయన గ్లాసు కింద పెట్టి నా ముఖంలోకి చూశాడు.

"గా తుపాకికి ఒక్కటే కన్నుండె, గది మనం మూసినం, పాపం దానికి కనవడకపాయె. నీకు రెండున్నయి గదరా. వాటికి ఎవలు వెట్టిన్రు మైనం?"