మామిడి కొత్తకి చుట్టాలం

రాజమండ్రిలో డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయిని ఊరేదని ఎవరడిగినా "ఇక్కడికి దగ్గరేలెండి" అనేది. దగ్గరైతే ఆదివారం వెళ్ళి రావచ్చుగా అంటే నవ్వేసి మాట మార్చేది. క్లాసులో ఏజెన్సీ గిరిజనుల ఆచారాల మీద నోట్సు చెబుతుంటే మేమంతా గబగబా రాసుకునేవాళ్ళం. తను మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది. అర్ధ సంవత్సరం పరీక్షల్లో దాని మీద అడిగిన ప్రశ్నకి నాకు మంచి మార్కులే వచ్చాయి.

ఎండలు ముదిరాక ఓ శనివారం తనని రామచంద్రపురంలో మా ఇంటికి తీసుకెళ్ళాను. మా అమ్మ సంగతి చెప్పాలి. ఇంటికొచ్చినవాళ్ళు రెండోసారి వడ్డించుకోకపోతే ఆవిడకి ఆ రాత్రి నిద్ర పట్టదు. ఆ రోజు కొత్త మామిడికాయ పప్పు చేసింది. గరిటె దగ్గరికి రాగానే నా స్నేహితురాలు కంచానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"కడుపులో బాగోలేదండి పిన్నిగారూ."

ఇంకేముంది, వాము వచ్చింది, మజ్జిగ వచ్చింది. ఆ వెనకే పప్పు మళ్ళీ వచ్చింది. "ఒక్క ముద్ద తినమ్మా, ఏం చెయ్యదు!" అని అమ్మ బతిమాలుతుంటే ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మాది మారేడుమిల్లి పైన, కొండ మీద ఊరండి. మేం కొండరెడ్లమండి. మామిడి కొత్త పండగ చేసి దేవతకి పెట్టేదాకా మేం కొత్తకాయ నోట పెట్టమండి."

ఆ పండగ గురించి పరీక్షలో అరపేజీ రాసిన ఘనురాలిని నేను! పక్క మంచం మీద మనిషి గురించి మాత్రం తెలీదు. భయం కూడా వేసింది. ఇప్పుడు అమ్మ మొహం కాస్త ముడుచుకున్నా ఈ పిల్ల మళ్ళీ మా గడప తొక్కదు, నాతోనూ మనసు విప్పి మాట్లాడదు.

అమ్మ పప్పుగిన్నె తీసుకెళ్ళి వంటింట్లో పెట్టి వచ్చింది.

"ముందే చెప్పొద్దటమ్మా? పండగ కాకుండా తినిపించి ఉంటే ఆ పాపం నాకు చుట్టుకోదూ!" అంటూ వంకాయ కూర వడ్డించింది. అంతటితో ఆగితే మా అమ్మ ఎందుకవుతుంది? "ఇంతకీ మీ పండగెప్పుడు? నన్ను పిలవ్వా?" అని అడిగింది. తను కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేసింది. నా ప్రాణం కుదుటపడింది.

ఏడాది చివరి పరీక్షలయ్యాక నిజంగానే వెళ్ళాం. ఘాట్ రోడ్డు మలుపుల్లో అమ్మకి వాంతులే వాంతులు. అయినా ఊరు చేరగానే కొంగు బిగించి వడ్డనకి తయారైపోయింది. హాస్టల్లో గొంతు పైకి లేవని నా స్నేహితురాలు అక్కడ అందరినీ పేరుపేరునా కేకలేస్తూ తిరుగుతోంది. అమ్మని చూడగానే వచ్చి చేతిలో గిన్నె తీసేసుకుంది.

"ఇది మా ఊరండి పిన్నిగారూ. ఇక్కడ మీరు చుట్టాలు. కూర్చోండి, మేం పెడతాం."

మా నోట్సులో గిరిజనుల గురించి చాలానే ఉంది. ఆ కొండల మీద మనం చుట్టాలమన్న మాట మాత్రం లేదు. అమ్మ బిగించిన కొంగు వదులు చేసుకుని చాప మీద కూర్చుంది, పక్కన నేనూ కూర్చున్నాను. కోసిన మామిడికాయలు ముందు వాళ్ళ దేవతకి పెట్టి, ఆ తర్వాత తనే మాకు తెచ్చి పెట్టింది.