కోటా నిండిన బ్లాకు

సింగపూర్‌లో నేను ఇల్లు వెతకడం మొదలుపెట్టేనాటికి నా భార్యకు ఆరో నెల. ఇద్దరమూ ప్రోగ్రామర్లమే. ప్రతి విమానంలోనూ హైదరాబాదు నుంచి మాలాంటివాళ్ళు దిగుతున్న రోజులవి. కాన్పయిన మూడు నెలలకు ఆమె ఆఫీసుకు తిరిగి వెళ్ళకపోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. బిడ్డను చూసే మనిషి దొరికితేనే ఆమెకు ఉద్యోగం.

ఆ మనిషి బుకిట్ పంజాంగ్ అనే పేటలో దొరికింది. మా జిల్లా ఆవిడే. నా భార్య ఆమెను అక్కా అని పిలిచేది. ప్రభుత్వం కట్టిన బ్లాకులో పదో అంతస్తులో వాళ్ళ కాపురం. ఆ వరసలోనే మరో మూడు తెలుగు కుటుంబాలు ఉండేవి. అక్క పక్క ఫ్లాటును చైనీస్ దంపతులు అమ్మకానికి పెట్టారు.

"వచ్చెయ్యండి. పొద్దున్నే బిడ్డని నా ఒళ్ళో పడేసి రైలెక్కండి. పక్కిల్లేగా!" అంది అక్క.

ఇంకేం కావాలి? మర్నాడే ఫ్లాట్ల కార్యాలయానికి వెళ్ళాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి బ్లాకు నంబరు కొట్టి చూసింది. "ఈ బ్లాకులో భారతీయుల కోటా నిండిపోయింది. చైనీస్ వాళ్ళ ఫ్లాటు మీరు కొనడానికి వీల్లేదు. భారతీయులెవరైనా అమ్మితే కొనుక్కోండి" అంది. ఏ జాతివాళ్ళూ ఒకేచోట గుంపుకట్టకుండా ప్రతి బ్లాకులో ఒక్కొక్కరికి ఇంత వాటా అని హద్దు ఉందట.

మనవైపు కౌంటర్లో వినేది మొదటి మాట మాత్రమే. అసలు మాట లోపలి గదిలో ఉంటుంది. ఇక్కడా అంతేననుకున్నాను. మా కంపెనీ డైరెక్టరు చేత ఒక సిఫార్సు ఉత్తరం రాయించుకుని మళ్ళీ వెళ్ళాను. ఆ అమ్మాయి దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివి, రెండు చేతులతో తిరిగి ఇచ్చింది.

"మీరు బాగా పనిచేస్తారని రాశారు. సంతోషం. కోటా మాత్రం నిండే ఉంది."

"మీ పై అధికారిని కలవచ్చా?"

"కలవండి. ఆయన కూడా ఇదే స్క్రీన్ చూస్తారు."

పుట్టి బుద్ధెరిగాక ఒక ప్రభుత్వ కార్యాలయంలో నేను సిగ్గుపడటం అదే మొదటిసారి. కానీ ఆ సిగ్గు బస్సెక్కేలోపు కోపమైంది.

అప్పుడు మేము వుడ్‌ల్యాండ్స్ పేటలో అద్దెకుండేవాళ్ళం. మా బ్లాకు కింది కాఫీ కొట్టులో ఒక తెలుగు పెద్దాయన రోజూ కూర్చునేవాడు. ఆయన తాత విశాఖవైపు నుంచి రబ్బరు తోటలకు వచ్చినవాడు. ఈయన ఓడరేవులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన తెలుగులో తమిళమూ మలయ్ భాషా సగం సగం. నేను ఎదురుగా కూర్చుని, పదో అంతస్తు సంగతంతా చెప్పి ఉపన్యాసం అందుకున్నాను. "మనిషి పుట్టుక చూసి ఇల్లు అమ్మాలో వద్దో తేల్చేది ఏం ప్రభుత్వం అంకుల్? నేను చిన్నప్పటినుంచీ పోట్లాడింది దీనిమీదే!"

"లెక్చరు బాగుంది తంబీ. ముందు మకాన్, అదే తిండి, కానీ. రొట్టె చల్లారిపోతోంది" అన్నాడు.

తర్వాత నెమ్మదిగా చెప్పాడు. ఆయన చిన్నతనంలో చైనీస్ గుడిసెలు ఒకవైపు, మలయ్ గుడిసెలు ఒకవైపు, మనవాళ్ళవి మురుగు కాలవ వెనకాల. ఒకసారి ఊళ్ళో కొట్లాటలు లేస్తే వాళ్ళ నాన్న తలుపుకు లోపలినుంచి మేకులు కొట్టాడట. "కాలవ అవతల 'అన్నా, కాపాడు' అని పిలవడానికి ఒక్కడి పేరూ తెలీదు. ఇప్పుడు నా గోడకి ఇటు చైనావాడు, అటు మలయ్ మనిషి. లిఫ్టు ఆగిపోతే ముగ్గురం కలిసి తిట్టుకుంటాం లా!" మాట చివర ఆ 'లా' ఇక్కడివాళ్ళందరికీ అలవాటు.

మళ్ళీ ఆయనే, "అవునూ, ఆ పదో అంతస్తులో నాలుగిళ్ళూ మీవాళ్ళేనా?" అని అడిగాడు.

"తెలుగువాళ్ళు అంకుల్."

"తెలుగువాళ్ళు చాలా రకాలు గదా. నేనూ తెలుగే. ఆ నాలుగిళ్ళలో ఎన్ని రకాలు?"

నాలుగిళ్ళూ ఒకే కులం. నాదీ అదే. కాలేజీ రోజుల్లోనే పేరు చివర తోక కత్తిరించుకున్నవాణ్ణి నేను. ఊరూరా వేదికలెక్కి, కులాల వారీ వీధులు కూలితే తప్ప కులం కూలదని గొంతు చించుకున్నవాణ్ణి. సభ ముగిశాక చప్పట్లు కొట్టినవాళ్ళంతా ఎవరి వీధికి వాళ్ళు వెళ్ళిపోయేవారు. నేనూ మా వీధికే వెళ్ళేవాణ్ణి. సముద్రం దాటొచ్చి కూడా పదో అంతస్తులో అదే వీధిని వెతుక్కున్నాను.

తాగే నీటిని కూడా పొరుగు దేశం నుంచి తెచ్చుకునే దీవి ఇది. ఓడరేవు, మేము పనిచేసే గాజు భవనాలు, ఈ ఫ్లాట్లు అన్నీ ఒకే తీరున పుట్టాయి: చిక్కేమిటో చూడు, లెక్క వెయ్యి, అందరికీ ఒకేలా అమలుచెయ్యి. మనం తరాలుగా తీర్మానాలు చేసిన పనిని వీళ్ళు ఇళ్ళ కేటాయింపు పట్టికలో పెట్టేశారు. నాకు మింగుడుపడనివీ ఉన్నాయి. జాతులను కలపడానికి జాతిని గుర్తింపు కార్డుమీద అచ్చువేస్తారు. నాలాంటివాడు వేదికెక్కాలంటే అనుమతి అడగాలి. మంచి నియమమైనా సరే, దాన్ని నలుగురిలో నిలదీసే హక్కు ఉండాలని ఇప్పటికీ అంటాను. అయినా డైరెక్టరు ఉత్తరానికీ నా వట్టి చేతులకూ ఒకే జవాబు చెప్పిన కౌంటరు మనదేశంలో నాకు ఎదురుపడలేదు.

చివరికి వుడ్‌ల్యాండ్స్‌లోనే, భారతీయులకు ఇంకా చోటున్న బ్లాకులో కొన్నాం. పక్కింట్లో ఒక మలయ్ ఆంటీ ఉండేది. పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయారు. పాప పుట్టిన వారానికి తనే తలుపు తట్టి, "మీరిద్దరూ ఆఫీసుకు పోతే ఈ పిల్ల ఎవరి దగ్గర? నాకివ్వండి లా" అంది.

కాన్పుకు వచ్చిన మా అత్తగారు గుండెలు బాదుకుంది. "వాళ్ళింటి గిన్నెలో పాలా? నా బొందిలో ప్రాణముండగా?" ఆంటీకి మాట తెలియకపోయినా ముఖం చదవడం వచ్చు. బజారుకెళ్ళి ఒక కొత్త చిన్న గిన్నె కొనుక్కొచ్చి, "ఇది బేబీకి మాత్రమే" అని మా అత్తగారి చేతికే ఇచ్చింది. ఆవిడ దాన్ని మూడుసార్లు తోమి, నాలుగోరోజు ఆంటీ పొయ్యిమీద పెట్టింది. మూడు నెలలు నిండాక నా భార్య తన కుర్చీలో తను కూర్చుంది.

పాప నడక నేర్చుకునే రోజుల్లో బుకిట్ పంజాంగ్ అక్క ఫోన్ చేసింది. వాళ్ళ వరసలో ఒక తెలుగు కుటుంబం ఆస్ట్రేలియా వెళ్ళిపోతోందట. అమ్మేది భారతీయులే కాబట్టి ఈసారి కోటా అడ్డురాదు. నేను ఆశగా నా భార్యకు చెప్పాను.

ఆమె పాపకు జోళ్ళు తొడుగుతూ తలెత్తలేదు. "మీరు వెళ్ళండి. మా ఇద్దరికీ ఇక్కడ ఆంటీ ఉంది. ఆదివారాలు వచ్చి పిల్లని చూసిపోదురుగాని."

మేం రావడం లేదని అక్కకు నేనే ఫోన్ చేసి చెప్పాల్సివచ్చింది.