తెల్లబండ మీద పొంగిన పాలు

మా తల్లిగారింట్లో వంటగట్టు మీద ఒక గోధుమరంగు మచ్చ ఉంది. జొన్నరొట్టె అంత ఉంటుంది. అది నా చేతి పనే. దాని మూలంగా నేను రెండేళ్లు ఆ వంటింట్లో అడుగుపెట్టలేదు. పుట్టి పెరిగిన ఇంట్లో చుట్టపుచూపుగా వచ్చినదానిలా వరండాలో కూర్చొని, చాయ్ తాగి, లేచి వచ్చేదాన్ని. ఎవరూ నన్ను పొమ్మనలేదు. ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలు అనేసి తేలిక పడేదాన్ని, నా నోరు అలాంటిది. అనకపోయేసరికి ఆ సిగ్గు ఎటూ పోకుండా నాలోనే ఉండిపోయింది.

మాది శంషాబాద్ పక్కన ఊరు. నన్ను మంఖాల్‌లో ఇచ్చారు. విమానాలు దిగడం మొదలైన నాలుగేళ్లకో ఏమో, తమ్ముడు ఇల్లు బాగుచేయించడం మొదలుపెట్టాడు. అప్పటికి వాడికి ఎయిర్‌పోర్టులో సరుకు దించే చోట పని దొరికింది. అమ్మ పోయి ఏడాది దాటింది. అమ్మ వంటింట్లో నేలంతా షాబాదు బండలు, మూలన పొయ్యి, పొయ్యి ముందు పీట. గ్యాస్ వచ్చాక కూడా ఆమె స్టవ్‌ను కింద పెట్టుకొనే వండింది. మరదలు మైలార్‌దేవ్‌పల్లి పిల్ల, నిలబడి వండే ఇంటి నుంచి వచ్చింది. అయినా అత్త ఉన్నన్నాళ్లూ కిక్కురుమనకుండా కిందే కూర్చొని వండింది. ఇప్పుడు గట్టు కట్టించుకుంటానంటే ఎవరు మాత్రం కాదంటారు.

అమ్మ ఉన్నప్పుడు నేను వెళ్తే, చెప్పులు విప్పి సరాసరి వంటింట్లోకి నడిచేదాన్ని. ఏం వండారో మూతలు తీసి చూసి, నచ్చకపోతే మొహం మీదే చెప్పి, ఒక ముద్ద నోట్లో వేసుకొని అప్పుడు కూర్చునేదాన్ని. అమ్మ పోయాక మొదటిసారి వెళ్లినప్పుడు వంటింటి గడప దగ్గర కాలు ఆగింది. మూత తీసే హక్కు ఇంకా నాకుందా అనిపించింది. మరదలు లోపల్నుంచి "రా వదినె" అంది గానీ, ఒకరు రమ్మంటే వెళ్లడం వేరు, ఎవరూ రమ్మనకుండా వెళ్లడం వేరు. ఆ రోజు నేను మూత తీయలేదు.

అందుకే ఒకనాడు మరదలు ఫోన్ చేసి, "వదినె, గట్టుకు బండ చూసేటందుకు పోవాలె. నువ్వు రాకుంట ఎట్ల?" అనగానే నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఆడబిడ్డను అడిగి చేయడం మా వైపు పద్ధతే. కానీ పద్ధతి కోసం అడిగినా ఆ పిల్ల ప్రేమగా అడిగింది. పెట్టెలో ఉన్న మంచి చీర కట్టుకొని తుక్కుగూడ దాకా నడిచి ఆటో ఎక్కాను.

దుకాణం బెంగుళూరు రోడ్డు మీద, మైలార్‌దేవ్‌పల్లి దాటాక ఉంది. బయట్నుంచి చూస్తే అంతా అద్దాలు. లోపల నేల నిగనిగలాడుతోంది. నేను గుమ్మం దగ్గర చెప్పులు విప్పి లోపలికి వెళ్లాను. కొంతదూరం వెళ్లాక చూస్తే అందరి కాళ్లకూ చెప్పులున్నాయి, మరదలి కాళ్లకు కూడా. నా ఉత్త కాళ్లు, వాటి పగుళ్లు, ఆ నేలలో తలకిందులుగా కనిపిస్తున్నాయి. వెనక్కి వెళ్లి తొడుక్కుందామంటే ఇంకా నవ్వులపాలవుతానని, చీర కొంచెం కిందికి లాక్కొని నడిచాను. అక్కడున్నంతసేపూ నా మనసు సగం కాళ్ల మీదే ఉంది.

దుకాణం అతను కోస్తా మనిషి. మాట చాలా మర్యాదగా ఉంది. "ఇది గనిలోంచి కోసుకొచ్చిన రాయి కాదు మేడం. క్వార్ట్జ్ అంటారు. రాతిపొడిలో జిగురు కలిపి అచ్చుపోస్తారు. మరకలు పట్టవు, పసుపు పడినా తుడిస్తే పోతుంది" అంటూ ఒక పలక మీద చాయ్ ఒలకబోసి తుడిచి చూపించాడు. ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. నేను పలకలను వేలి కణుపుతో తట్టి చూస్తున్నాను. కుండ కొనేటప్పుడు తట్టి చూస్తాం కదా, ఆ అలవాటు. అక్కడ పనిచేసే ఆడపిల్లలిద్దరు నన్ను చూసి పెదవులు బిగపట్టుకోవడం కంటపడింది. చేయి వెనక్కి తీసుకున్నాను.

మరదలికి నల్లచుక్కల బూడిదరంగు పలక నచ్చింది. నాకు తెల్లది నచ్చింది. ఎక్కడో ఒక సన్నటి బూడిద గీత తప్ప అంతా తెలుపే.

"ఏందో పిల్లా, గిది చూస్తుంటే పాలు పోసినట్టే ఉన్నది. నల్లచుక్కలది ఏడైనా దొరుకుతది" అన్నాను.

మరదలు ఆ బూడిదరంగు పలక మీద ఇంకోసారి చేయి వేసి తీసింది. "నువ్వు చెప్పినంక ఇగ ఏముంది వదినె? తెల్లదే ఇయ్యిండ్రి" అంది అతనితో.

ఆటోలో తిరిగి వస్తూ నేను ఆ బండ గురించే మాట్లాడాను. ఊళ్లో కనపడిన ప్రతి మనిషికీ, మా తమ్ముడింట్లో బండ నేనే ఏరానని చెప్పాను. మా ఆయన "బండ ఏరినవా, రాజ్యం ఏరినవా" అని ఆటపట్టించాడు. పట్టించుకోలేదు.

గట్టు పూర్తయ్యాక పాలు పొంగించడానికి పిలిచారు. కొత్త పొయ్యి పెట్టిన చోట ఆడబిడ్డ పాలు పొంగించాలి, పిడకల మీదే పొంగించాలి. అమ్మకు మా మేనత్త అలాగే పొంగించింది, అది నేను కళ్లారా చూశాను. మూడు ఇటుకలు, మధ్యలో పిడకలు, పైన కొత్త గిన్నె. పొయ్యి ఎక్కడ ఉంటుందో అక్కడే జరగాలి. అమ్మ పొయ్యి కింద ఉండేది కాబట్టి మేనత్త కింద పొంగించింది. ఇప్పుడు పొయ్యి గట్టు మీదికి ఎక్కింది. స్టవ్‌ను బండకు గుంట కోసి దించేశారు. కాబట్టి నేను దాని పక్కనే, ఆ తెల్లబండ మీద ఇటుకలు పేర్చాను. అంతకన్నా సరైన పని ఇంకొకటి లేదనే అనుకున్నాను.

వాడకట్టు ఆడవాళ్లందరూ వచ్చి నిలబడ్డారు. మరదలు నా పక్కకు వచ్చి, "వదినె, జర ఆగు, ఆ దుకాణపాయన..." అని నెమ్మదిగా మొదలుపెట్టింది.

"బండకేమైతది పిల్లా, మంట పెట్టినా బండ బండే" అన్నాను. గట్టిగానే అన్నాను, నలుగురూ వినాలని. ఆ పిల్ల ఆగిపోయింది.

పిడకలు బాగా అంటుకున్నాయి. పాలు కాగుతుండగా ఏదో ప్లాస్టిక్ కాలుతున్న వాసన వచ్చింది. వైరేమైనా కాలుతోందేమోనని తమ్ముడు గోడ వైపు చూశాడు. ఇంతలో పాలు పొంగాయి. తూర్పుకు పొంగాయి, అందరూ మంచిదన్నారు. పొంగిన పాలు ఇటుకల మీదుగా కారి బండ మీద పడగానే టప్పుమని చప్పుడైంది. ఎవరో నవ్వారు, ఇటుక పగిలిందనుకొని. పిడకలు ఆరిపోయాక నేనే ఇటుకలు తీసి, బూడిద ఎత్తి, తడిగుడ్డతో తుడిచాను. తుడిచాను, మళ్లీ తుడిచాను. మచ్చ పోలేదు. మధ్యలో కాఫీరంగు, అంచుల్లో పసుపు, దాన్ని చీల్చుకుంటూ వెంట్రుకంత పగులు.

"బండ కాలుడేందమ్మా!" అంది పక్కింటావిడ. ఆమె అన్నది ఆశ్చర్యంతోనే. కానీ ఆ మాటతో నా తల వంగిపోయింది. ఇందాక గట్టిగా అన్న మాట అక్కడున్న అందరి చెవుల్లోనూ ఉంది. నా చెవుల్లో ఇంకా ఎక్కువగా ఉంది.

"ఏం గాదక్కా, పాలు మంచిగ పొంగినయ్ గదా" అన్నాడు తమ్ముడు. మరదలు నా చేతిలోంచి తడిగుడ్డ తీసుకుంది. తీసుకొని, పెద్ద స్టీలు తాంబాళం ఒకటి తెచ్చి ఆ మచ్చ మీద పెట్టేసింది. అందరికీ పరమాన్నం పెట్టారు. నేనూ తిన్నాను. ఏం తిన్నానో తెలియదు.

తర్వాత ఒకసారి వెళ్లినప్పుడు గడప దగ్గర్నుంచే చూశాను. తాంబాళం అక్కడే ఉంది, బోర్లించి. గట్టు మీద మిగతాదంతా ఖాళీగా, తెల్లగా ఉంది. నేను వస్తున్నానని కప్పిందనుకున్నాను. ఆ తర్వాతిసారీ అంతే. నా కోసం అంత జాగ్రత్త పడుతుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇక లోపలికి వెళ్లడం మానేశాను. "లోపల ఉక్కపోస్తది, ఈడనే గాలి మంచిగుంది" అనేదాన్ని. చలికాలంలో "ఎండ మంచిగుంది" అనేదాన్ని. మోకాళ్లు నొప్పులనేదాన్ని. ఆ మోకాళ్లతోనే పొలంలో రోజంతా వంగి టమాటలు తెంపేదాన్ని. బతుకమ్మకు వెళ్లి కూడా ఉండకుండా సాయంత్రం ఆటోకే తిరిగి వచ్చాను. మరదలు మొదట్లో "లోపలికి రా వదినె" అని పిలిచేది. తర్వాత్తర్వాత పిలవడం తగ్గించి, చాయ్ వరండాలోకే తెచ్చి ఇచ్చి, కొంగు చివర చుట్టుకుంటూ కాసేపు నిలబడి వెళ్లిపోయేది. అమ్మ పోయిన రోజున ఆ ఇల్లు నాకు సగం పోయిందనుకున్నాను. మిగిలిన సగం నా చేతులతో నేనే కాల్చుకున్నానని అనిపించేది.

రెండేళ్లకు వాళ్లు మీద ఒక పోర్షన్ వేశారు. ఎయిర్‌పోర్టులో పనిచేసేవాళ్లకు కిరాయికి ఇవ్వాలని. మరదలు ఫోన్ చేసింది.

"వదినె, మీద వంటిల్లు అయింది. నువ్వొచ్చి పాలు పొంగియ్యాలె."

"నా చేయి మంచిది గాదు పిల్లా. ఇంకెవ్వరితోనన్న పొంగియ్యి" అన్నాను. నవ్వుతూ అందామనుకున్నాను, నవ్వు రాలేదు.

అవతల తలమీద విమానం పోతున్న చప్పుడు ఫోన్‌లోంచి వినపడింది. అది పోయాక, "గట్లనైతే పాలే పొంగియ్య. వచ్చేటోళ్లు చాయ్ పెట్టుకుంటరు, గంతే" అని పెట్టేసింది. కోపంగా పెట్టేసింది. ఆ పిల్లకు కోపం రావడం నేను అప్పుడే చూశాను.

వెళ్లాను. మీద వంటింట్లో మామూలు నల్ల గ్రానైటు వేశారు. గట్టు కింద నేల మీద ఇసుక పరిచి, దాని మీద ఇటుకలు పేర్చి ఉన్నాయి. ఆ ఇసుక చూడగానే మొహం వేడెక్కింది. ఎవరి వైపూ చూడకుండా పిడకలు అంటించాను. పాలు పొంగాయి, ఇసుకలో ఇంకిపోయాయి. కిందికి దిగి వచ్చి, అలవాటుగా వరండాలో కూర్చున్నాను.

అన్నాల వేళయింది. లోపల్నుంచి మరదలు కేక వేసింది. "వదినె! చేతులు కాలుతున్నయ్! జల్దొచ్చి తాంబాళం తియ్యి!"

ఆలోచించుకునే వీలు లేకపోయింది. పరుగున వెళ్లాను. ఆ పిల్ల మసిగుడ్డతో పెద్ద అన్నంగిన్నె పట్టుకొని గట్టు ముందు నిలబడి ఉంది. నేను తాంబాళం లాగేశాను. మచ్చ అలాగే ఉంది, రంగు ఇంకాస్త ముదిరింది. మరదలు గిన్నెను సరిగ్గా ఆ మచ్చ మీద దించి, హమ్మయ్యా అని చేతులు ఊదుకుంది.

"దాని మీద ఎందుకు పెట్టినవ్?" అన్నాను.

"ఇంకేడ పెట్టాలె వదినె? వేడిది పెట్టేటందుకు భయం లేని జాగ ఇంత బండల గిదొక్కటే. దినాం ఈడనే దించుత. ఖాళీగుంటే మీ తమ్ముడు తాళాలు, ఫోను అన్నీ ఈడనే పడేస్తడు. అందుకే తాంబాళం బోర్లిచ్చి జాగ ఆపుత."

"మచ్చ కనపడకుంట కప్పినవనుకున్న."

మరదలు నా మొహంలోకి చూసింది. "నా మీద కోపమనుకున్న వదినె. ఆ దుకాణపాయన వేడిది పెట్టొద్దని చెప్తే విన్నది నేను. ఆ దినం నేనన్న గట్టిగ చెప్తే, అందరి ముందర నీకు గంత తలవంపు అయ్యేది గాదు. అందుకే నువ్వు లోపలికి వస్తలేవనుకున్న" అంది. అంటుండగానే ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

రెండేళ్లు నా సిగ్గును నేను మోసుకుంటూ, ఈ పిల్ల నెత్తిన ఇంకొకటి పెట్టానన్న సంగతి అప్పటిదాకా తట్టలేదు. బండ కాలినందుకు పడిన సిగ్గు దీని ముందు ఏపాటిది. స్టవ్ మీద పప్పుచారు ఉడుకుతోంది. మూత తీసి చూశాను. "ఉప్పు తక్కువేసినవ్" అన్నాను.

"నువ్వే వెయ్యి" అంది, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

ఉప్పు వేశాను. స్టవ్ ఆపి, చీరచెంగు రెండు చేతులకూ చుట్టుకొని చారుగిన్నె దించాను. చెంగులోంచి వేడి చురుక్కుమంటోంది. ముందు అంత తెల్లబండ ఖాళీగా ఉంది. అన్నంగిన్నె మాత్రం మచ్చ మీద కూర్చొని ఉంది.

"అన్నంగిన్నె జరుపు పిల్లా, నా జాగ నాకియ్యి" అన్నాను.