కొయ్య గంట పట్టుకున్న అవ్వ

కరోనా తగ్గిన మరుసటి ఏడాది ఎండాకాలంలో నన్ను జగదల్‌పూర్ నుంచి బీజాపూర్ వైపు ఒక చిన్న ఆసుపత్రికి నర్సింగ్ సిస్టర్‌గా వేశారు. రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉంది. రోగిని చేర్చుకునేటప్పుడు కేసు కాగితం నింపడం సిస్టర్ పని. దాన్ని చూసే డాక్టరు నిర్ణయం తీసుకుంటారు. నా ఇంగ్లీషు శుభ్రంగా ఉంటుందని నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఒక సంత రోజు పొద్దున మహిళా కానిస్టేబుల్ ఒక ముసలమ్మను తీసుకొచ్చింది. రెండు రోజులుగా సంత చుట్టూ, బస్టాండు చుట్టూ తిరుగుతోందట. నాలుగడుగులు వేసి, చేతిలోని కొయ్య గంట ఊపి, కదలకుండా నిలబడిపోతుందట. మళ్లీ నడుస్తుందట. డాక్టరుగారు హిందీలో, ఆయా ఇక్కడి హల్బీ భాషలో అడిగారు. ఆమె ధ్యాసంతా కిటికీ వైపే ఉంది.

నేను ‘వాండరింగ్’ అని రాశాను. మా వృత్తిలో ఆ ఒక్క మాటకు చాలా చాకిరీ. మతి తప్పి ఇల్లు వదిలినవాళ్లకు అదే, జ్వరంలో పొంతన లేకుండా మాట్లాడేవాళ్లకు అదే, దిక్కులేక రోడ్డున పడ్డవాళ్లకూ అదే. బయటైతే సరదాగా ఊరు చూడబోయినా అదే, ఏరు వంకర్లు తిరిగినా అదే. వీటిలో ఏదని కాగితం అడగదు. నా రాత చూసి డాక్టరుగారు ఆమెను ఎక్కడో దూరాన ఉన్న మానసిక ఆసుపత్రికి పంపమన్నారు. మధ్యాహ్నం బండి. పేరూ ఊరూ తెలియని మనిషి అక్కడికి పోతే మళ్లీ ఇల్లు చేరడం కష్టం.

పంపేముందు రోగి వస్తువులు సంచిలో వేసి జాబితా రాయాలి. గంట తీసుకోబోయాను. అప్పుడు నోరు విప్పింది.

“ఏందమ్మా, నా గంట గుంజుకుంటున్నవ్?”

తెలుగు! మాది భద్రాచలం వైపు. ఈ సరిహద్దు పల్లెల్లో తెలుగువాళ్లున్నారని తెలిసీ ఒక్క మాట అడగలేదు నేను. సిగ్గుతో, “దీంతో ఏం చేస్తున్నావవ్వా?” అన్నాను.

“బర్రె తప్పిపోయింది బిడ్డా. సంతకు పోయే మందల కలిసిందని చెప్పిన్రు. దాని జోడు బర్రె ఇంటికాడుంది. ఇది ఆ జోడు మెడల గంట, నా మొగుడు చెక్కిండు. దీని సప్పుడు ఇంటే మా బర్రె అరుస్తది. అరుపు ఇనాలంటే నేను ఆగాలె గద! మీరంతా ఒక్కటే లొల్లి, ఎట్ల ఇనబడ్తది?”

ఇక్కడ ఎవరి గంట వాళ్లే చెక్కుకుంటారు. ఒకదాని చప్పుడు ఇంకోదానికి రాదు. డాక్టరుగారికి చెప్పాను. ఆయన మంచివారు, బండి వచ్చేదాకా గడువిచ్చారు. దారితప్పిన పశువులను కట్టేసే బందెలదొడ్డి, ఇక్కడివాళ్ల మాటలో కాంజీ హౌస్, దగ్గరలోనే ఉంది. కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకుని ముగ్గురం వెళ్లాం.

గేటు దగ్గర అవ్వ గంట ఊపి ఆగింది. ఏమీ లేదు. మళ్లీ ఊపింది. గోడ వెనక నుంచి ఒక బర్రె గట్టిగా అరిచింది. అవ్వ పరుగెత్తింది. కానిస్టేబుల్ పకపకా నవ్వింది. నేను గోడకు ఆనుకుని, ఇన్నేళ్ల సర్వీసులో ఎన్నడూ లేనంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను.

దొడ్డి గుమస్తా రిజిస్టరు తెరిచి చూపించాడు. బర్రె పేరిట ఇంగ్లీషులో ఒకే మాట ఉంది: ‘వాండరింగ్’.

తిరిగొచ్చి నా కాగితం మీద ఆ మాట కొట్టేసి, ‘తప్పిపోయిన బర్రెను వెతుకుతోంది, దొరికింది’ అని రాశాను. డాక్టరుగారు బండి రద్దు చేశారు. ఆ తర్వాత సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఆ మాట వాడలేదు. ఎక్కడ నడిచారు, ఎందుకు ఆగారు అని వాళ్ల భాషలో అడిగించి, వాళ్లు చెప్పిందే రాశాను. ఒక్కో రోగికి పావుగంట ఎక్కువ పట్టేది.